మంత్రిగారూ, మా డప్పు ఇంకా స్టేషన్‌లోనే ఉంది

తెలంగాణ సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

నమస్తే సార్. పోయిన నెలలో మా కాలనీవాళ్ళం నీళ్ళ కోసం ధర్నాకు కూర్చున్నాం. పర్మిషన్ కాగితం నా జేబులోనే ఉంది. డప్పు కొట్టే మా పెద్దాయన రోడ్డు పక్కన గడ్డి మంట వేసి డప్పు కాపుతున్నాడు, వేలితో కొట్టి చూసి మళ్ళీ మంటకు పడుతున్నాడు, అది ఖంగుమనేదాకా ఆయన వదలడు. డప్పు కొట్టే చిర్ర పుల్ల చేతిలోకి తీసుకున్నాడో లేదో ఒక పోలీసాయన వచ్చి, "ధర్నాకు పర్మిషన్ ఇచ్చినం, డప్పుకు ఇయ్యలే" అని దాన్ని జీపులో వేసుకుని పోయాడు.

కాసేపు ఎవరికీ ఏం తోచలేదు. తర్వాత మా ఆడవాళ్ళే లేచి ఖాళీ బిందెలు మధ్యలో పెట్టి, బతుకమ్మ చుట్టూ తిరిగినట్టు తిరుగుతూ చప్పట్లు మొదలుపెట్టారు. నల్లా ఎండిపాయె ఉయ్యాలో, ట్యాంకరు రాదాయె ఉయ్యాలో అని అప్పటికప్పుడు కట్టుకుంటూ పోయారు. అంతసేపూ దూరంగా నిలబడి ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు కూడా వచ్చి కలిశారు. నేను రాసుకుపోయిన మూడు పేజీల ప్రసంగం మాత్రం ఎవరూ వినలేదు, ఆ సంగతి వదిలేయండి.

పోలీసులు మీ శాఖ కిందికి రారని తెలుసు. కానీ పాట సంగతి మీకు కాక ఇంకెవరికి చెప్పుకోవాలి? 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం, అదే ఉద్యమం ఆటపాటల సభ, ఊరూరా తిరగకపోతే తెలంగాణ మాట అంత తొందరగా జనం నోట్లోకి వచ్చేదా? లీడర్ల ఉపన్యాసం సగంలోనే లేచిపోయే జనం, గొంగడి వేసుకుని గజ్జె కట్టినాయన స్టేజీ ఎక్కితే అర్ధరాత్రి దాకా కదిలేవాళ్ళు కాదు. పైగా ఊరికే వినేవాళ్ళు కూడా కాదు, వంత పాడేవాళ్ళు. ఒక పూట వంత పాడినాయనను రేపు ఊరేగింపుకు ప్రత్యేకంగా పిలవాల్సిన పని లేదు, తనే వస్తాడు.

రాష్ట్రం వచ్చాక ఆ కళాకారుల్లో 550 మందిని సాంస్కృతిక సారథి అనే ప్రభుత్వ సంస్థలో ఉద్యోగాల్లోకి తీసుకున్నారు. మంచిదే, కడుపు కాల్చుకుని పాడినవాళ్ళకు నెల జీతం దొరికితే ఏడ్చే మనసు నాకు లేదు. అయితే నాకు తెలిసినాయన ఒకడున్నాడు అందులో, ఉద్యమంలో ఆయన గొంతు వింటే ఒళ్ళు జలదరించేది, ఇప్పుడు పథకాల పాటలు పాడుతున్నాడు. మా ధర్నాకు రమ్మంటే "అన్నా, లేనిపోని టెన్షన్ ఎందుకు" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను.

గద్దర్ మీద 1997 ఏప్రిల్‌లో ఆయన ఇంటి దగ్గరే కాల్పులు జరిగాయి. 2023 ఆగస్టులో చనిపోతే ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు, ఇప్పుడు సినిమా అవార్డులు ఆయన పేరునే ఇస్తున్నారు. సంతోషమే సార్, కానీ బతికున్న ఇంకో గాయకుడు అలాంటి పాటే కట్టుకుని ఏదో ఒక ఆఫీసు ముందుకొస్తే ఏం చేస్తారు? నాటకాలను ఆపడానికి బ్రిటిషువాళ్ళు 1876లో చేసిన చట్టాన్ని 2018లో పూర్తిగా తీసేశారు. ఆ సంగతి మా ఏరియా స్టేషన్‌కు ఇంకా చేరినట్టు లేదు.

రెండే అడుగుతున్నా. ధర్నాకు పర్మిషన్ ఇచ్చారంటే అందులో డప్పూ, పాటా ఉన్నట్టేనని హోం శాఖతో మాట్లాడి ఒక సర్క్యులర్ ఇప్పించండి. సారథి కళాకారులు సెలవు రోజున ఎక్కడ, ఎవరి కోసం పాడుకున్నా ఉద్యోగానికి ఢోకా లేదని మీ నోటితో ఒక్కసారి చెప్పండి.

మూడోది అడగకూడదనుకున్నా గానీ అడుగుతున్నా. ఆ డప్పు ఇంకా ఇవ్వలేదు. పెద్దాయన రెండుసార్లు పోయొచ్చాడు, సారు లేడన్నారట. బయట వానలు పడుతున్నాయి, చెమ్మకు తోలు మెత్తబడిపోతుందని ఆయన బాధ. కనీసం తడి తగలని చోట పెట్టమని చెప్పించండి.

ఇట్లు,
ఆ ధర్నాలో ప్రసంగం మిగిలిపోయినాయన