వంద కిలోల లోపు చెత్తకు దిక్కెవరు?

సంపాదకులకు నమస్కారం.

జీవ ఇంధనాలు, వ్యర్థాల నుంచి దేశానికి అందుతున్న శక్తి గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. నేను కుషాయిగూడలో కర్రీ పాయింట్ నడుపుతాను. తెల్లారకముందే స్టవ్ వెలిగిస్తే రాత్రి షట్టర్ దించేదాకా మంట దగ్గరే పని. మా దుకాణంలోంచి బయటికి పోయే రెండు వస్తువులు, తడి చెత్త, వాడిన నూనె, ఈ విషయంలో చాలా ముఖ్యమైనవి. వాటి ఊసు వ్యాసంలో లేదు కాబట్టి రాస్తున్నాను.

మొదట ఆ లెక్క గురించి ఒక మాట. కట్టెలు, పిడకలు, పంట మోళ్లు, చెరుకు పిప్పి, ఇథనాల్, గోబర్ గ్యాస్, చెత్త కాల్చి తీసే కరెంటు, అన్నీ ఒకే పద్దు కింద రాస్తారు. 1990 ప్రాంతంలో దేశానికి అందే మొత్తం శక్తిలో ఈ పద్దు నలభై శాతం దాటి ఉండేది. ఇప్పుడు దాదాపు ఐదో వంతు. వాటా పడిపోతోందని వ్యాసకర్త కొంచెం బాధపడ్డట్టు రాశారు. నాకైతే సంతోషమే. ఎందుకంటే ఆ పద్దులో ఎక్కువ భాగం మా అమ్మలాంటి వాళ్ల పొయ్యిలో కాలిపోయిందే. జనగామ దగ్గర మా ఊళ్లో పత్తికట్టె, కందికట్టె, పిడకలతోనే వంట. వానాకాలం వస్తే ఊదుగొట్టం పట్టుకుని కూర్చోవడమే. మామూలు కట్టెల పొయ్యిలో గిన్నెకు చేరే వేడి పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుందంటారు. మిగతా వేడి గాలికి పోయేది, పొగ ఆమె ఊపిరితిత్తుల్లోకి పోయేది. 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాలకు గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలయ్యాకే మా వాడలో సిలిండర్ అనేది కనిపించింది. ఆ తర్వాత 2016లో ఉజ్వల వచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం శుభ్రమైన ఇంధనంతో వండుకునే ఇళ్లు 2015-16లో 43.8 శాతం, 2019-21 నాటికి 58.6 శాతం. ఇంకా మిగిలిన ఇళ్లూ ఉన్నాయి, కనెక్షన్ ఉన్నా ఏడాదికి నాలుగు సిలిండర్లతో సరిపెట్టుకుని మిగతా రోజులు పొయ్యి వెలిగించే ఇళ్లూ ఉన్నాయి. కాబట్టి ఆ వాటా ఇంకా తగ్గాలి. తగ్గితే దేశం పేదదైపోదు.

పెరగాల్సింది వేరే ఉంది. ఇథనాల్ బాగానే పెరిగింది. 2014లో పెట్రోల్‌లో ఒకటిన్నర శాతం కలిపేవాళ్లు, 2022లో పది శాతానికి, 2025లో ఇరవై శాతానికి వచ్చారు. దానికి చెరుకు, బియ్యం, మక్కజొన్న కావాలి. మక్కజొన్న ఎగుమతి చేసిన దేశం 2024లో దిగుమతి చేసుకునే స్థితికి వచ్చింది. కోళ్ల దాణా ధర పెరిగితే గుడ్డు కూర ధర నేను పెంచక తప్పదు. తినే పంటకు ఇంత ప్రోత్సాహం ఇచ్చినవాళ్లు తినగా మిగిలినదాన్ని ఎందుకు పట్టించుకోరన్నదే నా బాధ.

మా దుకాణం వెనక డ్రమ్ములో ఏముంటుందో చెప్తాను. సొరకాయ చెక్కు, బీరకాయ పొట్టు, వంకాయ తొడిమలు, ఉల్లిపొట్టు, చింతపండు పిప్పి, పాడైన టమాటాలు, మిగిలిపోయిన సాంబారు. కవర్లు, రబ్బరు బ్యాండ్లు అందులో పడకుండా మా దగ్గర పనిచేసే వదిన ఒక కంట కనిపెట్టుకునే ఉంటుంది. గ్యాస్ తయారీకి ఇంతకంటే మంచి సరుకు ఏముంటుంది? అదంతా చెత్త ఆటో ఎక్కగానే పక్కింటి డైపర్లు, పగిలిన సీసాలు, థర్మోకోల్‌తో కలిసిపోతుంది. ఆటో అబ్బాయిని అడిగితే, "అక్కా, నువ్వు వేరు చేసి ఇచ్చినా అక్కడ పోసేది ఒక్క కుప్పలోనే" అన్నాడు. అతన్ని ఏమీ అనలేను. అతని బండికి అడ్డంగా ఒక రేకు ఉంది, రెండు వీధులు తిరిగేసరికి చెత్త దాని పైకి పొర్లిపోతుంది.

ఆ చెత్త చివరికి పోయేది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు. గాలి ఇటు మళ్లిన రాత్రి ఆ వాసన మా ఇళ్లదాకా వస్తుంది. అక్కడ చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు 2020లో 19.8 మెగావాట్లతో మొదలై 24 మెగావాట్లకు పెరిగింది. కరెంటు వస్తున్నందుకు నాకు అభ్యంతరం లేదు. కానీ మన చెత్తలో సగం దాకా నీరే. తడి కట్టె పొయ్యిలో పెడితే ఏమవుతుందో కట్టెల మీద వండిన ఏ ఆడమనిషిని అడిగినా చెప్తుంది. వచ్చిన వేడి ముందు ఆ నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో 1987లో పెట్టిన ప్లాంటు కొద్ది రోజులకే మూతపడటానికి కారణం చెత్తలో మండే గుణం చాలకపోవడమే. కిలోకు 1500 కిలో కేలరీలు, ఆపైన వేడి ఇచ్చే, మళ్లీ వాడకానికి పనికిరాని చెత్తను డంపుల్లో పోయకుండా ఇంధనంగా వాడాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో రాశారు. నా డ్రమ్ములోని సొరకాయ చెక్కు ఆ లెక్కలోకి ఎలా వస్తుంది?

దానికి సరైన దారి మన ఊళ్లోనే ఉంది. నేను కూరగాయలు తెచ్చుకునే బోయిన్‌పల్లి మార్కెట్‌లో మన తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో బయోగ్యాస్ ప్లాంటు కట్టారు. కుళ్లిన కూరగాయలు బెల్టు మీద వెళ్లి మిషన్‌లో ముక్కలై, చిక్కటి పిండిలా మారి, గాలి చొరబడని ట్యాంకుల్లో మురిగి గ్యాస్ అవుతాయి. రోజుకు పది టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్ అని అప్పట్లో లెక్క చెప్పారు. ఆ గ్యాస్‌తో మార్కెట్ క్యాంటీన్‌లో వంట, ఆ కరెంటుతో దీపాలు, నీళ్ల మోటార్లు. 2021 జనవరిలో ప్రధాని రేడియోలో ఈ మార్కెట్ గురించి దేశమంతటికీ చెప్పారు. ఇండోర్ వాళ్లు మరీ పెద్దగా ఆలోచించి, 2022లో రోజుకు 550 టన్నుల తడి చెత్తతో దాదాపు 17 టన్నుల గ్యాస్ తీసే ప్లాంటు పెట్టుకున్నారు, ఆ గ్యాస్‌తో సిటీ బస్సులు నడుస్తున్నాయి. అక్కడ సాధ్యమైంది ఇంటి గుమ్మం దగ్గరే తడి చెత్త వేరుగా తీసుకున్నందుకే.

కేంద్రం 2018లో 'సతత్' పథకం కింద ఇలాంటి బయోగ్యాస్ ప్లాంట్లు ఐదు వేలు పెట్టిస్తామంది. గడువు దాటినా అందులో పదో వంతు కూడా రాలేదు. ఇప్పుడు గ్యాస్ కంపెనీలు బండ్లకు, ఇళ్లకు పైపుల్లో అమ్మే గ్యాస్‌లో 2025-26 నుంచి ఒక శాతం, 2028-29 నాటికి ఐదు శాతం ఈ బయోగ్యాస్ ఉండాలని నియమం పెట్టారు. కొనేవాడు దొరికాడు. శుభ్రమైన తడి చెత్తే దొరకాలి. అది మా దగ్గర ఉంది.

కానీ నిబంధనలు మా దాకా రావు. రోజుకు వంద కిలోలు దాటి చెత్త వచ్చే పెద్ద హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు తమ తడి చెత్త సంగతి తామే చూసుకోవాలి. వంద లోపు ఉన్న కర్రీ పాయింట్లు, మెస్సులు, టిఫిన్ సెంటర్లు, జ్యూస్ బండ్లు ఇంటి చెత్త లెక్కలోకే పోతాయి. వాడిన నూనె విషయమూ అంతే. నూనెలో పోలార్ కాంపౌండ్లు (పదేపదే కాచినప్పుడు పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే మళ్లీ వంటకు వాడకూడదని 2018లో నియమం వచ్చింది, అలాంటి నూనెను సేకరించి బయోడీజిల్ చేయించాలని ఆహార భద్రతా సంస్థ అదే ఏడాది కార్యక్రమం మొదలుపెట్టింది. కానీ లెక్క పుస్తకం రాయాల్సింది రోజుకు యాభై లీటర్లు దాటి నూనె వాడేవాళ్లే. మా మూకుడులో దొండకాయ, చేప వేయించిన నూనె నల్లబడి నురగ కట్టాక టిన్నులో పోసి పక్కన పెడతాం. స్కూటర్ మీద ఒకతను వచ్చి లీటరుకింత అని ఇచ్చి పట్టుకుపోయేవాడు. ఎక్కడికి పోతుందో రాసిన చీటీ ఇమ్మని అడిగిన రోజు నుంచి అతను రావడం మానేశాడు. ఆ నూనె డీజిల్ అయితే సంతోషమే. ఏ బజ్జీల బండి మూకుడులోకో తిరిగి చేరితే తినేది మన పిల్లలే.

ఒక్కో దుకాణం చూస్తే చిన్నదే. ఈసీఐఎల్ చౌరస్తా నుంచి మా వీధి దాకా నడిచి చూడండి, ఎన్ని ఉన్నాయో. కాలనీకి ఒక వరసలో ఉండే మాలాంటి దుకాణాల కోసం తడి చెత్తకు విడిగా ఒక బండి కావాలి. అందులో ఇంటి చెత్త వేయనివ్వకూడదు. రైతు బజార్ల దగ్గర స్థలం ఉన్నచోట బోయిన్‌పల్లి లాంటి ప్లాంట్లు పెట్టి, ఆ బండి నేరుగా అక్కడికే పోవాలి. వాడిన నూనెకు గుర్తింపు ఉన్న మనిషి వారానికోసారి వచ్చి చీటీ ఇచ్చి తీసుకెళ్లాలి. ఆ చీటీ చూపిస్తేనే లైసెన్స్ రెన్యువల్ అన్నా మాకు అభ్యంతరం లేదు. మా వీధి దుకాణాలవాళ్లం మాట్లాడుకున్నాం, మూతలున్న డ్రమ్ములు మా డబ్బుతోనే కొంటాం. బండి మాత్రం రాత్రి పదకొండు దాటాక రావాలి. గిన్నెలు కడిగి డ్రమ్ము బయట పెట్టేది మేం అప్పుడే.

ఇట్లు,
ఒక కర్రీ పాయింట్ నిర్వాహకురాలు,
కుషాయిగూడ, హైదరాబాద్