తొలి సీజన్‌లో జాన్స్ హాప్‌కిన్స్ కూడా ఉంది

సంపాదకులు గారికి, నమస్కారం.

అమెరికా కాలేజీ ఆటల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఫుట్‌బాల్ గురించీ, బాస్కెట్‌బాల్ గురించీ బాగానే రాశారు. ఐస్ హాకీ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఒక్కటంటే ఒక్క వాక్యం, అదీ తప్పు. 1898లో హార్వర్డ్, బ్రౌన్ మధ్య జరిగిందే అమెరికాలో తొలి కాలేజీ ఐస్ హాకీ మ్యాచ్ అని రాశారు. ఆ మ్యాచ్ జరిగిన మాట నిజమే. ఆ ఏడాది జనవరిలో, బోస్టన్‌లోని ఫ్రాంక్లిన్ పార్క్‌లో ఆడారు, బ్రౌన్ 6-0తో గెలిచింది. కానీ అంతకు రెండేళ్ల ముందే, 1896 ఫిబ్రవరి 1న, బాల్టిమోర్‌లో యేల్, జాన్స్ హాప్‌కిన్స్ జట్లు తలపడ్డాయి. చెరో రెండు గోల్స్ చేసి మ్యాచ్ డ్రా చేసుకున్నాయి.

తేదీ సరిచేయమని అడగడం వరకే అయితే ఇక్కడితో ఆపేసేదాన్ని. కానీ ఆ 1895-96 చలికాలంలో యేల్ కుర్రాళ్లు ఆడిన సీజన్ ఎలా మొదలైందో తెలిస్తే, ఒక కాలేజీలో ఓ కొత్త ఆట ఎలా వేళ్లూనుకుంటుందో తెలుస్తుంది. అది మన పాఠకులకు చెప్పదగ్గ సంగతి అని నాకు గట్టిగా అనిపించింది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందుగా ఒక మాట. కాలేజీ హాకీ పుట్టింది అమెరికాలో కాదు, కెనడాలో. మాంట్రియల్‌లో 1875 మార్చి 3న విక్టోరియా స్కేటింగ్ రింక్‌లో (రింక్ అంటే స్కేటింగ్ చేసే ఐస్ మైదానం) జేమ్స్ క్రైటన్ అనే ఆయన జట్టుకు తొమ్మిదిమంది చొప్పున పెట్టి మ్యాచ్ ఆడించాడు, ఆడినవాళ్లలో మెక్‌గిల్ యూనివర్సిటీ విద్యార్థులున్నారు. బంతి అయితే ఎగిరి చూసేవాళ్లకు తగులుతుందని చెక్కతో చేసిన పలచటి బిళ్ల వాడారు, హాకీలో ఆ బిళ్లనే పక్ అంటారు. రెండేళ్లకు, 1877లో, మెక్‌గిల్‌లో హాకీ క్లబ్బే పెట్టుకున్నారు. కాబట్టి యేల్‌ని మొదటిది అన్నప్పుడల్లా ‘అమెరికాలో’ అనే మాట చేర్చాలి, లేకపోతే కెనడావాళ్లకు అన్యాయం చేసినట్టే.

అప్పటికి అమెరికా కాలేజీ కుర్రాళ్లు గడ్డకట్టిన చెరువుల మీద ఆడేది వేరే ఆట, ఐస్ పోలో అనేవారు. రబ్బరు బంతి, పొట్టి వంపు కర్రలు, జట్టుకు అయిదుగురు. వాళ్లకు తెలిసిన ఆట అదే, అదే గొప్ప అనుకున్నారు. 1894లో నయాగరా దగ్గర టెన్నిస్ పోటీలకు వెళ్లిన కొందరు అమెరికా ఆటగాళ్లు కెనడావాళ్లతో మాటల్లో పడి, చలికాలంలో మీరేం ఆడతారంటే మీరేం ఆడతారని ఒకరినొకరు అడిగారు. ఇద్దరూ ఆడేది ఐస్ మీదే, ఆటలు మాత్రం రెండు. సరే, రండి చూద్దాం అనుకున్నారు. ఆ మాట మీద నిలబడి, క్రిస్మస్ సెలవుల్లో రకరకాల కాలేజీల కుర్రాళ్లను పోగుచేసి ఒక జట్టు కెనడా వెళ్లింది. దీని వెనక ముఖ్యమైన మనిషి మాల్కమ్ చేస్. రోడ్ ఐలాండ్‌వాడు, మొదట బ్రౌన్‌లో చదివి తర్వాత యేల్‌కి మారాడు, 1893, 94, 95 మూడేళ్లూ వరసగా కాలేజీల టెన్నిస్ ఛాంపియన్. (వారెన్ బఫెట్ 1965లో చేతికి తీసుకున్న బెర్క్‌షైర్ హాథవే ఉంది చూశారూ, దాని మూలాల్లో ఉన్న బట్టల మిల్లులు ఈ చేస్ కుటుంబానివే.) ఆ జట్టులోనే బ్రౌన్ నుంచి అలెగ్జాండర్ మైకల్‌జాన్ కూడా ఉన్నాడు. ఆయన తర్వాత్తర్వాత ఆమ్‌హర్స్ట్ కాలేజీ అధ్యక్షుడయ్యాడు, వాక్ స్వాతంత్య్రం గురించి అమెరికాలో ఎవరు మాట్లాడినా తలుచుకునే పేరు ఆయనది.

మాంట్రియల్, ఒట్టావా, కింగ్‌స్టన్, టొరంటో తిరిగారు. ఒప్పందం ఏమిటంటే వీళ్ల ఆట కొంత, వాళ్ల ఆట కొంత ఆడాలి. హాకీలో ఆడిన ప్రతిసారీ కెనడావాళ్లే గెలిచారు. పోలోలో అమెరికావాళ్లు రెండు గెలిచారు, రెండు డ్రా అయ్యాయి. అంటే వాళ్ల సొంత ఆటలో కూడా, ఆ ఆట కొత్తగా చూస్తున్నవాళ్లను పూర్తిగా ఓడించలేకపోయారు!

ఇక్కడే నాకు ఆ కుర్రాళ్ల మీద గౌరవం కలుగుతుంది. ఇరవై, ఇరవై రెండేళ్ల వయసు. పోలోలో ఒక్కటీ ఓడలేదు కదా, మా ఆట మాకు చాలు అని ఇంటికి రావచ్చు. అలా రాలేదు. స్కేట్ల దగ్గర్నుంచి స్టిక్‌ల దాకా కెనడావాళ్లవి చూసి, వాళ్ల ఆటే మెరుగని ఒప్పుకుని, తిరిగొచ్చాక తమ కాలేజీల్లో ఆ ఆట మొదలుపెట్టారు. కొన్నేళ్లకు ఐస్ పోలో మాయమైపోయింది.

ఆ ఆట ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇవాళ టీవీలో చూసే హాకీని ఊహించుకుంటే ఆ సీజన్ అర్థం కాదు. అప్పటి కెనడా నియమాల ప్రకారం కబడ్డీలోలాగా జట్టుకు ఏడుగురు. గోల్‌కీపర్, అతని ముందు పాయింట్, ఆ ముందు కవర్ పాయింట్, మధ్యలో రోవర్ అని ఎక్కడికైనా తిరిగేవాడొకడు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ముప్ఫై నిమిషాల చొప్పున రెండు భాగాలు, ఇప్పటిలా నిమిషానికోసారి ఆటగాళ్లను మార్చడం లేదు, మొదలుపెట్టిన ఏడుగురే చివరిదాకా. తనకంటే ముందున్నవాడికి పక్ అందించకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. అందుకని ఎవడి కాళ్లలో బలముందో వాడు పక్ పట్టుకుని ఒంటరిగా దూసుకుపోవాల్సిందే. గోల్ అంటే ఐస్‌లో నిలబెట్టిన రెండు గుంజలు, వెనక వల లేదు. పక్ లోపల్నుంచి పోయిందా బయట్నుంచి పోయిందా అని చూడ్డానికి గుంజల వెనక ఒక అంపైర్ నిలబడేవాడు, వచ్చే పక్‌కి కాళ్లడ్డం పెట్టుకుని! గోల్‌కీపర్ కింద పడి ఆపకూడదు, నిలబడే ఆపాలి. ఆ 1896 ఫిబ్రవరి 14నే కెనడాలో హాకీ విజేతకిచ్చే స్టాన్లీ కప్ మ్యాచ్‌లో విన్నిపెగ్ గోల్‌కీపర్ జార్జ్ మెరిట్ క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని దిగాడు, మాంట్రియల్‌కి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, 2-0తో కప్పు పట్టుకుపోయారు. క్రికెట్ ప్యాడ్లు కట్టుకోవడమే అంత విశేషమైన రోజుల్లో యేల్, హాప్‌కిన్స్ గోల్‌కీపర్లు ఏ ధైర్యంతో నిలబడ్డారో ఆలోచించండి. మా అమ్మాయి ఇక్కడ మేరీల్యాండ్‌లో పిల్లల జట్టులో గోల్‌కీపరు. మ్యాచ్‌కి ముందు ఆ ప్యాడ్లూ, ఛాతీ కవచమూ, హెల్మెటూ అన్నీ తగిలించడానికి నాకు పదిహేను నిమిషాలు పడుతుంది, ఒక్క పట్టీ వదులైనా టెన్షన్.

సరే, మ్యాచ్ బాల్టిమోర్‌లోనే ఎందుకు జరిగింది? యేల్ ఉన్న న్యూ హేవెన్‌లో చలి ఎక్కువే, కానీ అప్పటికి అక్కడ కృత్రిమంగా ఐస్ తయారుచేసే రింక్ లేదు. చెరువు గడ్డకడితే ఆట, లేకపోతే లేదు. బాల్టిమోర్ ఇంకా దక్షిణాన ఉంటుంది, చెరువుల్ని నమ్ముకుంటే అక్కడ హాకీ అన్న మాటే ఉండదు. అయితే నార్త్ అవెన్యూలో 1894 డిసెంబర్ చివర్లో ఒక రింక్ తెరిచారు. అమ్మోనియాతో ఉప్పునీటిని గడ్డకట్టే చలికంటే ఇంకా చల్లబరిచి, నేల కింద పరిచిన గొట్టాల్లో పారించి, పైన పోసిన నీళ్లను గడ్డకట్టించే పద్ధతి. ఇవాళ్టి రింకుల్లోనూ మూలసూత్రం అదే. ఆ రింక్‌లో ఆ నెల 26న బాల్టిమోర్ అథ్లెటిక్ క్లబ్ మీద ఆడింది ఎవరనుకున్నారు? జాన్స్ హాప్‌కిన్స్ విద్యార్థులు. అమెరికాలో కృత్రిమ ఐస్ మీద జరిగిన తొలి హాకీ మ్యాచ్‌గా దాన్నే చెప్పుకుంటారు. చేస్ బృందం కెనడా వెళ్లింది కూడా ఆ సెలవుల్లోనే కదా. అంటే యేల్ కుర్రాళ్లు కెనడాలో ఓడుతూ నేర్చుకుంటున్న రోజుల్లోనే హాప్‌కిన్స్ కుర్రాళ్లు తమ ఊళ్లో ఆడటం మొదలెట్టేశారు.

నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. ఆ సీజన్ గురించి ఎక్కడ రాసినా ‘అమెరికాలో అతి పాత కాలేజీ హాకీ జట్టు యేల్’ అని రాసి వదిలేస్తారు. ఎదుటి జట్టు లేకుండా సీజన్ ఎక్కడుంటుంది? రింక్ బాల్టిమోర్‌ది, ప్రత్యర్థులు బాల్టిమోర్‌వాళ్లు, ముందునుంచీ ఆడుతున్నదీ వాళ్లే. అప్పటికి యేల్ వయసు దాదాపు రెండు వందల ఏళ్లు, 1876లో పెట్టిన హాప్‌కిన్స్‌కి సరిగ్గా ఇరవై. పాత పేరు ఎదుట కొత్త పేరు మరుగున పడిపోయింది. యేల్ వాళ్లు న్యూ హేవెన్‌లో రైలెక్కి న్యూయార్క్ దాకా వచ్చి, అప్పటికి హడ్సన్ నది కింద రైలు సొరంగాలు లేవు గనక నదిని పడవ మీద దాటి, అవతలి ఒడ్డు నుంచి మళ్లీ రైల్లో బాల్టిమోర్ చేరాలి. ఆడేందుకు ఐస్, ఆడేందుకు మనుషులు రెండూ అక్కడే ఉన్నాయి గనకే అంత ప్రయాణం పెట్టుకున్నారు. ఫిబ్రవరి 1న 2-2. అదే నెలలో మళ్లీ ఆడితే యేల్ 2-1తో గెలిచింది. వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మ్యాచ్‌లు, అయినా సీజన్ సీజనే. ఇవాళ వేల సీట్ల స్టేడియాలు, స్కాలర్‌షిప్‌లు, టీవీ హక్కులతో నడుస్తున్న అమెరికా కాలేజీ హాకీ అంతా ఆ రెండు మ్యాచ్‌ల తర్వాత వచ్చిందే.

ఆ తర్వాత రెండు దారులూ వేరయ్యాయి. నార్త్ అవెన్యూలో ఆ రింక్ ఇప్పుడు లేదు. హాప్‌కిన్స్ అంటే ఆటల్లో లక్రాస్ (వల కట్టిన కర్రలతో బంతిని పట్టి విసిరే ఆట) పేరే వినిపిస్తుంది, అక్కడ హాకీ విద్యార్థుల క్లబ్ స్థాయిలోనే మిగిలింది. యేల్ మాత్రం ఆడుతూనే ఉంది. కానీ జాతీయ టైటిల్ కోసం అంత పాత జట్టూ 2013 ఏప్రిల్ దాకా ఆగాల్సివచ్చింది. పిట్స్‌బర్గ్‌లో ఫైనల్, ఎదుట పొరుగూరి క్విన్నిపియాక్, ఆ సీజన్‌లో అప్పటికే యేల్‌ని మూడుసార్లు ఓడించిన జట్టు. నాలుగోసారి 4-0తో యేల్ గెలిచింది. తొలి మ్యాచ్‌కీ తొలి టైటిల్‌కీ మధ్య 117 ఏళ్లు. ఆ రాత్రి నేను టీవీ ముందే ఉన్నాను, క్విన్నిపియాక్ వాళ్లను చూస్తే బాధే కలిగింది గానీ, యేల్ గెలవాలనే కోరుకున్నాను.

ఇదంతా తెలుగు పత్రికకు ఎందుకమ్మా అంటారేమో. జాన్స్ హాప్‌కిన్స్ పేరు మన ఇళ్లలో కొత్తది కాదు. 2020లో కోవిడ్ లెక్కలు రోజూ ఆ యూనివర్సిటీ పేరుతోనే మీ మొదటి పేజీలో వచ్చేవి. యేల్‌లోనో హాప్‌కిన్స్‌లోనో సీటు వచ్చిన మన పిల్లల ఫొటోలు జిల్లా పేజీల్లో మీరే వేస్తారు, వేయాలి కూడా. కాకపోతే ఆ పేర్లు మనకు ర్యాంకులుగా, ఫీజులుగా, వీసా కష్టాలుగానే తెలుసు. అక్కడి విద్యార్థులు చదువుతో పాటు ఏం చేశారో, సెలవుల్లో ఎక్కడికి వెళ్లి ఏం నేర్చుకొచ్చారో మన పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. ఆ పని మీ వ్యాసం చేస్తుందనుకున్నాను, కొంత చేసింది కూడా.

ఇంకొకటి. ఐస్ హాకీ మనది కాదు అని ఇప్పుడు అనడానికి లేదు. 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో మన మహిళల జట్టు కాంస్యం గెలిచింది. జట్టులో ఎక్కువమంది లదాఖ్ అమ్మాయిలు, గడ్డకట్టిన చెరువుల మీద ఆట నేర్చుకున్నవాళ్లు. చెరువు గడ్డకడితేనే ఆట అనే పరిస్థితి 1895లో న్యూ హేవెన్‌లో ఎలా ఉండేదో, లదాఖ్‌లో చాలామందికి ఇప్పటికీ అలాగే ఉంది. ఆ కాంస్యం గురించి మీ క్రీడల పేజీలో ఎంత మేర వచ్చిందో ఒకసారి తీసి చూడండి. క్రికెట్ ఒక్కరోజు కాస్త తగ్గించినా మన పాఠకులు ఏమీ అనుకోరు, నిజంగా.

కాబట్టి నేను అడిగేవి రెండే. ఆ వాక్యానికి సవరణ వేయండి, వేసేటప్పుడు యేల్ పేరు పక్కన జాన్స్ హాప్‌కిన్స్ పేరు తప్పకుండా ఉండాలి. రెండోది, లదాఖ్ అమ్మాయిల మీద ఒక పూర్తి పేజీ కథనం చేయించండి, చలికాలంలో మీ విలేకరిని లేహ్ పంపించి మరీ.

యేల్‌లో చదువుతున్న తెలుగు పిల్లలెవరైనా ఇది చదివితే వాళ్లకో మాట. మీ క్యాంపస్‌లో ఇంగాల్స్ రింక్ ఉంది, 1958లో కట్టారు, ఆర్కిటెక్ట్ ఈరో సారినెన్ డిజైన్. పైకప్పు తిమింగలం వీపులా ఉంటుందని అందరూ వేల్ అంటారు. ఒక సాయంత్రం లైబ్రరీ నుంచి ఇంటికి పోకుండా అటు వెళ్లి మ్యాచ్ చూడండి. మందపాటి కోటు వేసుకోండి, రింక్ లోపల కూడా చలే.

మీ పాఠకురాలు,
మేరీల్యాండ్ (స్వస్థలం తెనాలి)