ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయిన మెహర్: న్యాయశాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర న్యాయశాఖ మంత్రివర్యులకు,

విశాఖపట్నం పాతనగరంలో నివసిస్తున్న ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయుడు సలాములతో, నమస్కారాలతో చేసుకుంటున్న విన్నపం.

ఇదే విషయమై ఇదివరకు పెట్టుకున్న అర్జీలకు సమాధానాలు రాలేదని నేను అనను, వచ్చాయి. ఒకదానికి ‘తగు చర్య నిమిత్తం సంబంధిత కార్యాలయానికి పంపడమైనది’ అని వచ్చింది. ఆ సంబంధిత కార్యాలయం ‘ఈ అంశం మా పరిధిలోనిది కాదు’ అని రాసింది. ఆ తరువాత నా ఫోనుకు ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని సందేశం వచ్చింది. ఏమి పరిష్కరించారో అర్జీదారుడినైన నాకు తప్ప అందరికీ తెలిసినట్టుంది. అందుచేత ఇక మూసిన తలుపులు తట్టడం మాని, నలుగురూ చూసేలా తమకే రాస్తున్నాను.

నిఖానామాలు (ముస్లిం వివాహ పత్రాలు), నిఖా జరిపించే ఖాజీల నియామకం, వివాహాల నమోదు, భార్య కోరిక మీద జరిగే విడాకుల ఖులా పత్రాలు తమ శాఖకు కొత్త కావు కనుక ఆ వివరాలలోకి వెళ్ళను. నేను అడిగేది ఒక్కటే. ఆ కాగితాలలో ఉండే అరబ్బీ న్యాయ పదాలకు ప్రభుత్వం ఆమోదించిన తెలుగు అర్థాల పట్టిక మన రాష్ట్రంలో నాకు ఎక్కడా దొరకలేదు. ఏ కార్యాలయంలో అడిగినా అటువంటిది తమ దగ్గర లేదనే చెప్పారు. అది లేకపోవడం వల్ల ఏమవుతుందో, మా వీధిలోని ఒక ఆడబిడ్డ ఫైలును ఆధారంగా చేసుకుని చెబుతాను. ఆమె పేరు, ఆ ఫైలు తిరిగిన కార్యాలయాల పేర్లు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఆమె నిఖానామా ఉర్దూలో ఉంది. మెహర్ (నిఖా మూలంగా భర్త భార్యకు చెల్లించవలసిన సొమ్ము) గడిలో లక్షా పదకొండు వేల రూపాయలని, దాని పక్కన చేతిరాతతో ఒక మాట ఉంది. మెహర్ రెండు విధాలన్నది తమరెరిగినదే: భార్య అడిగిన వెంటనే చెల్లించవలసినది ఒకటి, వివాహం విడాకులతోనో మరణంతోనో ముగిసినప్పుడు చెల్లించవలసినది మరొకటి. చిక్కంతా ఆ రెండింటి పేర్లలో ఉంది. మొదటిదాన్ని మీమ్, ఐన్, జీమ్, లామ్ అక్షరాలతో రాస్తారు. రెండవదానిలో ఐన్‌కు బదులు వావ్ మీద హంజా వస్తుంది. అరబ్బులు పలికితే తేడా స్పష్టంగా వినిపిస్తుంది కానీ, మన దగ్గర ఉర్దూ మాట్లాడేవారి నోట రెండూ ఇంచుమించు ఒక్కటిగానే పలుకుతాయి. తెలుగులో రాస్తే ‘ముఅజ్జల్’ అనే ఒకే రూపం రెండింటికీ వచ్చి కూర్చుంటుంది. కొందరు జాగ్రత్తపరులు రెండవదాన్ని ‘మువజ్జల్’ అని వేరుగా రాస్తారు, కానీ అలాగే రాసి తీరాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. అంటే ‘ఇప్పుడే’, ‘తరువాత’ అనే పూర్తిగా వ్యతిరేకమైన రెండు మాటలు మన లిపిలోకి వచ్చేసరికి ఒకటైపోతున్నాయి.

ఆమె కాగితంలో ఉన్నది ఐన్. భూతద్దం అవసరం లేకుండానే కనిపిస్తుంది. జిరాక్సు దుకాణం పక్కన కూర్చుని అనువాదాలు చేసిపెట్టే వ్యక్తి దాన్ని ‘ముఅజ్జల్ (వాయిదా మెహర్)’ అని టైపు చేశాడు. అతణ్ణి నేను తప్పుపట్టను. అతనికి ఉర్దూ చదవడం వచ్చు, షరియత్ పరిభాష రాదు, ఆ పరిభాష చూసుకోవడానికి అతని ముందు ప్రభుత్వ పుస్తకమూ లేదు. దాని మీద నోటరీ ముద్ర పడింది. ముద్ర పడ్డాక మన దేశంలో తప్పుకు కూడా గౌరవం వస్తుంది కదా. ఆమె మెహర్ ఇమ్మని నోటీసు పంపితే, ‘అది వాయిదా మెహర్, వివాహం ఇంకా రద్దు కాలేదు కనుక చెల్లించనవసరం లేదు’ అని భర్త తరఫున జవాబు వచ్చింది. దానికి జతపరచిన ఆధారం ఆమె సమర్పించిన తెలుగు అనువాదమే.

ఇందులో మరీ బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. మెహర్ ఏ విధమైనదో నిఖానామాలో రాయనప్పుడు మొత్తం వెంటనే చెల్లించవలసినదిగానే భావించాలని పాత మద్రాసు హైకోర్టు తీర్పులు ఉన్నాయి, విశాఖ ఆ రోజుల్లో ఆ హైకోర్టు పరిధిలోనే ఉండేది. అంటే ఆ గడిని ఖాళీగా వదిలేసి ఉంటే ఆమెకు మేలు జరిగి ఉండేది. ఖాజీ గారు శ్రద్ధగా సరైన మాట రాయడమే ఆమె పాలిట శాపమైంది.

నేను సరైన అనువాదం రాసి, అక్షరాల తేడాను వివరిస్తూ ఒక కాగితం జతచేసి తీసుకువెళ్ళాను. బల్ల అవతల కూర్చున్న ఉద్యోగి మర్యాదగానే అడిగాడు: “మాస్టారూ, అనువాదం చేయడానికి మీకు అధికారం ఎవరిచ్చారు?” మొదటి అనువాదకుడికి ఎవరిచ్చారని నేను అడిగాను. “అది ముందే ఫైలులో ఉంది కదండీ” అన్నాడు. ఈ తర్కానికి నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు. తమ దగ్గర ఉంటే దయచేసి సెలవివ్వండి.

అదే నిఖానామాలో ‘వకీల్’ అని ఇంకో గడి ఉంది. నిఖాలో వకీల్ అంటే పెళ్ళికూతురి తరఫున నిలిచే పెద్దమనిషి; ఇద్దరు సాక్షులతో లోపలికి వెళ్ళి, ఫలానావారితో ఇంత మెహరుకు నిఖా నీకు సమ్మతమేనా అని ఆమెను అడిగి, ఆ సమ్మతిని మజ్లిస్‌కు, అంటే పెళ్ళి సభకు, వచ్చి చెప్పేవాడు. సాధారణంగా మేనమామో, బాబాయో అవుతాడు. ఈ కాగితంలో ఉన్నది చేపల వ్యాపారం చేసుకునే ఆమె మేనమామ. అనువాదంలో ఆయన ‘వధువు తరఫు న్యాయవాది’ అయ్యాడు. వివాహ నమోదు కోసం వెళ్ళినచోట, ఆ న్యాయవాది బార్ కౌన్సిల్ నమోదు సంఖ్య ఏదని అడిగారు. సంఖ్య లేదనేసరికి ‘పత్రం లోపభూయిష్టం’ అని రాసి తిప్పి పంపారు. ఆ మేనమామ నవ్వాలో ఏడవాలో తెలియక, తాను కోర్టు మెట్లు కూడా ఎక్కలేదని అఫిడవిట్ ఇస్తే సరిపోతుందా అని నన్ను అడిగాడు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. భర్తకు దాచమని ఇచ్చిన నాలుగు తులాల బంగారం గురించి ఆమె అంతకుముందు ఖాజీ గారి సమక్షంలో ఫిర్యాదు చేసింది. ఖాజీకి తీర్పు చెప్పే అధికారం లేదన్నది నాకు తెలుసు; 1880 నాటి ఖాజీల చట్టం 4వ సెక్షనే ఆ మాట చెబుతుంది, దారుల్ ఖజాలనే ముస్లిం మధ్యవర్తి సభల ఫత్వాలకు చట్టబద్ధత లేదని సుప్రీంకోర్టు 2014లో మళ్ళీ చెప్పింది. అది రాజీ ప్రయత్నం మాత్రమే. అయినా కోర్టు ముందుకు వచ్చిన కాగితాన్ని, దాని విలువ ఎంతైనా, ఉన్నది ఉన్నట్టు చదవాలి కదా.

ఆ కాగితంలో ఆమెను ‘ముద్దయియా’ అని, భర్తను ‘ముద్దా అలైహ్’ అని రాశారు. అరబ్బీ న్యాయశాస్త్రంలో ముద్దయీ అంటే దావా వేసిన వ్యక్తి, స్త్రీ అయితే ముద్దయియా. ఎవరి మీద దావా వేశారో అతను ముద్దా అలైహ్. ఆ ముద్దయీయే తెలుగులోకి వచ్చి తిరగబడి, ‘ముద్దాయి’గా నేరం మోపబడినవాడి పేరైంది. భాషలు అలాగే నడుస్తాయి, దానికి ఎవరూ బాధ్యులు కారు. కానీ తెలుగు అనువాదంలో మా అమ్మాయిని ‘ముద్దాయి’ అని రాసినప్పుడు, ఆ కాగితం చేతబట్టుకున్న అధికారి నలుగురి ముందు ‘బంగారం కేసులో ముద్దాయి ఈవిడేనా’ అని అడిగితే ఆమె ఏమై ఉంటుందో తమరు ఊహించండి. బంగారం పోగొట్టుకున్న మనిషి, బంగారం కాజేసిన మనిషిగా నిలబడవలసి వచ్చింది.

సాక్ష్యం సంగతి మరీ విడ్డూరం. ఇస్లామీ న్యాయంలో పేరెన్నిక గన్న సూత్రం ఒకటి ఉంది: బయ్యినా, అంటే రుజువు, దావా వేసినవారి బాధ్యత, యమీన్, అంటే ప్రమాణం, కాదన్నవారి బాధ్యత. ఆమెకు సాక్షులు లేరు. ఆలుమగల మధ్య చేతులు మారిన బంగారానికి ఎవరు సాక్షులుంటారు? అందుచేత ఖాజీ గారు భర్తను ప్రమాణం చేయమన్నారు. అతను చేయనన్నాడు. ప్రమాణానికి నిరాకరించడాన్ని ‘నుకూల్’ అంటారు. సున్నీ న్యాయ సంప్రదాయాలలో ఒకటైన హనఫీ సంప్రదాయంలో ఆస్తి తగాదాలలో అది నిరాకరించిన వ్యక్తికి వ్యతిరేకంగానే లెక్కకు వస్తుంది. ఖాజీ గారు ‘యమీన్ సే నుకూల్’ అని రాసి సంతకం చేశారు. అనువాదంలో అది ‘ప్రమాణము యొక్క నకలు’ అయింది. నకలు అన్నారు కనుక ఇప్పుడు దాని అసలు దాఖలు చేయమంటున్నారు. చేయని ప్రమాణానికి అసలు ఎక్కడ నుంచి తేవాలి, మంత్రివర్యా?

ఆ పక్క వాక్యంలోనే ‘సాక్షుల అదాలత్’ అనే మాట ఉంది. అక్కడ అదాలత్ అంటే సాక్షి నీతిమంతుడు, నమ్మదగినవాడు కావడం. ఖురాను 65వ సూరా (అధ్యాయం) విడాకుల విషయంలో ఇద్దరు న్యాయవర్తనులను సాక్షులుగా పెట్టుకోమని చెబుతుంది, ఆ న్యాయవర్తనం అన్నమాట. లోక్ అదాలత్‌కు అలవాటుపడిన మన అనువాదకుడు దాన్ని ‘సాక్షుల కోర్టు’ అన్నాడు. దీని గురించి ఇంతకన్నా రాసే ఓపిక నాకు లేదు.

ఇది మీ మతానికి సంబంధించిన సొంత వ్యవహారం, ప్రభుత్వానికేమి సంబంధమని ఒక అధికారి నాతో అన్నారు. మనవి చేస్తాను. తలాఖ్, ఈలా, జిహార్, లియాన్, ఖులా, ముబారాత్ అనే వివాహ రద్దు పద్ధతుల మాటలను మేము తెచ్చి ప్రభుత్వం మీద రుద్దలేదు. 1937 షరియత్ చట్టం 2వ సెక్షనులో అవి పేరుపేరునా ఉన్నాయి. మూడు తలాఖ్‌ల మీద 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు, 2019లో పార్లమెంటు మూడేళ్ళ వరకు శిక్షతో చట్టం చేసినప్పుడు, ‘తలాఖ్-ఎ-బిద్దత్’ అనే అరబ్బీ మాటకు అర్థం ప్రభుత్వానికి బాగానే తెలిసింది. శిక్ష వేయడానికి అర్థమైన భాష, ఒక ఆడపిల్లకు రావలసినది ఇప్పించడానికి అర్థం కాకుండా పోతుందా? ఖులా భార్య కోరుకునేది, ముబారాత్ ఇద్దరూ కోరుకునేది; చట్టమే వాటిని వేరువేరుగా పేర్కొంటుండగా, రెండింటికీ ‘పరస్పర అంగీకార విడాకులు’ అని ఒకే మాట రాసి పంపిన అనువాదాలు నేను కళ్ళారా చూశాను. అవి పరాయి మాటలనే సాకు కూడా చెల్లదు. దావా, వకాలత్నామా, జామీను, రాజీ, జప్తు, రద్దు, వారసుడు అనే మాటలు తీసేస్తే మన కోర్టు గుమాస్తాలు పూటకూడా పని నడపలేరు. పైగా 2022లో ఉర్దూను రాష్ట్రంలో రెండవ అధికార భాషగా చేస్తూ శాసనసభ చట్టం చేసింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు, ఆ చట్టం నేను తిరిగిన ఏ బల్ల మీదా కనిపించలేదు.

తమరిని నేను కొత్త శాఖ పెట్టమనడం లేదు, కోట్లు అడగడం లేదు. షరియత్ న్యాయం తెలిసిన ఇద్దరు ఆలిములను (మతపండితులను), కుటుంబ న్యాయం తెలిసిన ఇద్దరు న్యాయవాదులను (నిజమైన న్యాయవాదులనే, మేనమామలను కాదు), తెలుగు బాగా వచ్చిన ఒకరిని కూర్చోబెట్టి, నిఖానామాలలోనూ ఖులా, తలాఖ్ పత్రాలలోనూ వచ్చే పదాలకు తెలుగు అర్థాలు ఖరారు చేయించి గెజిటులో ప్రచురించండి. ముఖ్యంగా మెహర్ గడిలో అరబ్బీ మాటతో పాటు ‘అడిగిన వెంటనే’, ‘వాయిదా’ అని తెలుగులో అచ్చువేసి, ఒకదాన్ని కొట్టివేసేలా ఉర్దూ తెలుగు నిఖానామా నమూనా ఒకటి రాష్ట్రమంతటా ఖాజీలకు పంపండి. అధీకృత అనువాదకుల జాబితా జిల్లాకొకటి పెట్టండి. అంతవరకు, అనువాదం మీద అభ్యంతరం వచ్చినప్పుడు ముందు వచ్చిన కాగితమే నిజమని పట్టుబట్టకుండా మూలాన్ని చదివించి చూడమని ఒక్క సర్క్యులర్ అయినా ఇప్పించండి. ఆ అమ్మాయికి కావలసింది ఆ చివరిదే. ఎవరైనా ఒకరు ఆ మెహర్ గడిలోని మాటను చదవాలి, అంతే. అయ్యా, దయచేసి చదివించండి.

పదాల పట్టిక ముసాయిదా ఒకటి నేనే తయారుచేసి ఈ లేఖ ప్రతితో పాటు తమ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. అది ఎవరి బల్ల మీదికి వెళ్ళిందో తెలియజేసే రసీదు ఒకటి ఇప్పించగలరని ప్రార్థన. ‘పరిష్కరించబడినది’ అనే సందేశం మాత్రం వద్దు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయుడు,
పాతనగరం, విశాఖపట్నం.