వచ్చే బ్యాచ్ నుంచి హాజరుకి సర్టిఫికెట్ లేదు

బెంగళూరు హెబ్బాళలో మేం నడిపే పశువుల మందుల ఎంఆర్ (మెడికల్ రిప్రజెంటేటివ్, మందుల కంపెనీ తరఫున అమ్మకాలు చూసే రెప్) ట్రైనింగ్‌లో చేరినవాళ్లకీ, చేరదామనుకుంటున్నవాళ్లకీ, మా దగ్గర నేర్చుకున్న మనుషుల్ని పనిలోకి తీసుకునే డిస్ట్రిబ్యూటర్లకీ ఈ కబురు. వచ్చే బ్యాచ్ నుంచి కోర్సు 10 రోజులు కాదు, 16 రోజులు. ఫీజు 6,500 నుంచి 9,000 రూపాయలైంది. రోజూ వచ్చి కూర్చుని సంతకం పెట్టినంత మాత్రాన సర్టిఫికెట్ రాదు. చివరి రెండు రోజులూ పరీక్ష, అది కూడా కాగితం మీద కాదు. ఎందుకు మార్చామో, పరీక్షలో ఏం అడుగుతామో దాపరికం లేకుండా చెబుతాం.

ముందు సర్టిఫికెట్ సంగతి. "దాని మీద గవర్నమెంట్ అప్రూవ్డ్ అని లేదేంటండీ?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. లేదు, ఉండదు. మన దేశంలో మందుల షాపుకి లైసెన్సు ఉంది, హోల్‌సేలర్‌కి ఉంది, తయారీదారుకి ఉంది. రెప్‌కి లైసెన్సు అన్నదే చట్టంలో లేదు. 1976లో వచ్చిన సేల్స్ ప్రమోషన్ ఎంప్లాయీస్ చట్టం కూడా సెలవులు, అపాయింట్‌మెంట్ లెటర్ లాంటి సర్వీసు షరతుల గురించి మాట్లాడింది గానీ ఏం చదివినవాళ్లు రెప్ కావాలన్న జోలికి పోలేదు. లైఫ్ సైన్సెస్ సెక్టార్ స్కిల్ డెవలప్‌మెంట్ కౌన్సిల్‌కి మెడికల్ సేల్స్ రిప్రజెంటేటివ్ అని ఒక క్వాలిఫికేషన్ ఉంది. మా కాగితం అది కాదు. మా కాగితానికి మా పరీక్షకున్నంత విలువే, అంతకు మించి లేదు. అందుకే పరీక్ష గట్టిది పెట్టాం.

ఈ సర్టిఫికెట్‌తో షాపు పెట్టొచ్చా అని అడిగేవాళ్లకి కూడా అదే జవాబు. రిటైల్ షాపుకి రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ ఉండాలి. హోల్‌సేల్‌కైతే ఫార్మసిస్ట్ అయినా కావాలి, లేదా మందుల వ్యాపారంలో ఏడాది అనుభవమున్న డిగ్రీవాళ్లు, నాలుగేళ్ల అనుభవమున్న పదో తరగతి పాసైనవాళ్లు కావాలి. కనీసం 10 చదరపు మీటర్ల గది చూపించాలి. ఇందులో మా సర్టిఫికెట్ ఎక్కడా అక్కరకు రాదు.

పాత పాంఫ్లెట్‌లో "జాబ్ గ్యారంటీ" అని వేశాం. అది తీసేశాం. కంపెనీలవాళ్లని ఇంటర్వ్యూలకి పిలుస్తాం, తీసుకోవడం వాళ్లిష్టం.

ఇక పరీక్ష. మొదటిది బరువు. దొడ్డబళ్లాపుర వైపు ఒక పాడి షెడ్డులో ఆవుని నిలబెట్టి చేతికి టేపిస్తాం. ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి తోక పక్కనున్న పిర్ర ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో కొలవాలి. చుట్టుకొలతని దాంతోనే గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోల్లో బరువొస్తుంది. చుట్టుకొలత 65, పొడవు 55 అయితే 352 కిలోలు. అదే ఆవుని కంటితో చూసి "ఓ 250 ఉంటుందండీ" అనేవాళ్లే ఎక్కువ. 250 కిలోల లెక్కన నట్టల మందు పోస్తే డోసు దాదాపు మూడో వంతు తగ్గినట్టే. నట్టలు సగం చస్తాయి, బతికినవి మందుకి లొంగనివి. మూడు నెలలకి "మీ మందు పనిచేయలేదు" అని షాపువాడు మీ మొహం మీదే అంటాడు.

టేపు వదులుగా పట్టుకుంటే ఏమవుతుందో కూడా చేయించి చూపిస్తాం. 65కి బదులు 67 వచ్చిందనుకోండి, బరువు 374కి ఎగబాకుతుంది. చుట్టుకొలత రెండుసార్లు గుణకారంలోకి వస్తుంది కాబట్టి అక్కడి తప్పు బాగా పెరుగుతుంది, పొడవులో తప్పు అంతగా పెరగదు. ఆవు తల దించి మేస్తున్నప్పుడు కొలిచినా లెక్క తప్పుతుంది. తల ఎత్తి, నాలుగు కాళ్ల మీదా సమానంగా నిలబడ్డాకే టేపు వేయాలి.

బరువు తేలాక మందు లెక్క. ఆక్సీటెట్రాసైక్లిన్ లాంగ్ యాక్టింగ్ (ఎక్కువ రోజులు పనిచేసే యాంటీబయాటిక్ ఇంజెక్షన్) ఒంటి బరువు కిలోకి 20 మిల్లీగ్రాములు. మిల్లీలీటర్‌కి 200 మిల్లీగ్రాముల సీసా అయితే మన 352 కిలోల ఆవుకి 35 మిల్లీలీటర్లు. ఒకచోట 10 మిల్లీలీటర్లకి మించకూడదు కాబట్టి నాలుగు చోట్ల వేయాల్సి వస్తుంది. ఇదే మందు 50 మిల్లీగ్రాముల సీసాలో కూడా దొరుకుతుంది. దాని లెక్క వేరు, వేసే పద్ధతీ వేరు. లేబుల్ మీద బలం చదవకుండా పేరు చూసి లెక్క చెప్పినవాళ్లకి అక్కడే సున్నా. నట్టల మందు అల్బెండజోల్ గురించి అడిగితే డోసు కంటే ముందు "చూడి ఆవా? ఎన్నో నెల?" అని మీరు తిరిగి అడగాలి. తొలి నెలల చూడికి అది ఇవ్వకూడదు. అడగనివాళ్లకి మార్కులు లేవు.

డాక్టరుగారు రాస్తారు కదా, రెప్‌కి ఈ లెక్కలెందుకు అనొచ్చు. షాపులో, డెయిరీలో, డాక్టరుగారి దగ్గర కూడా ఆ మందు గురించి మాట్లాడేది మీరే. లెక్క రావాలి, సూది మాత్రం ముట్టుకోకూడదు. వైద్యం చేసే హక్కు 1984 ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం కింద రిజిస్టరైన డాక్టర్లది. రైతు బతిమాలాడని, డాక్టరు రావడం ఆలస్యమైందని ఇంజెక్షన్ వేసిన రెప్‌ని ఏ కంపెనీ వెనకేసుకు రాదు.

రెండోది ఆపుదల కాలం, అంటే మందు వాడాక పాలు, మాంసం, గుడ్లు అమ్మకూడని రోజులు. పరీక్ష మొత్తంలో మేం కఠినంగా ఉండేది ఇక్కడే. ఇందులో ఒక్క తప్పున్నా మిగతా అన్నిట్లో వందకి వంద వచ్చినా ఫెయిలే. 2012లో మార్చిన రూలు ప్రకారం ఆహారానికి వాడే జంతువుల మందు లేబుల్ మీద ఈ గడువు రాసి ఉండాలి. రాసి లేకపోతే గడువు లేదని కాదు. పాలకీ గుడ్లకీ కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు, చేపలకి 500 డిగ్రీ డేస్ (నీటి డిగ్రీల్ని రోజులతో గుణిస్తే 500 రావాలి) అని రూలే చెబుతోంది. నీళ్లు 25 డిగ్రీలుంటే 20 రోజులన్నమాట. "లేబుల్ మీద ఏం లేదు, పోసేయొచ్చు" అనే జవాబు మా పాత బ్యాచ్‌లలో తెగ వినిపించింది. కోర్సు పొడిగించడానికి సగం కారణం ఆ జవాబే.

పొదుగువాపుతో ఒక ప్రశ్న ఎలా ఉంటుందో చూడండి. లేబుల్ మీద 72 గంటలు అని ఉంది. మందు సోమ, మంగళ, బుధవారాలు సాయంత్రం 6కి ఎక్కించారు. పాలు ఎప్పుడు డెయిరీకి పోయొచ్చు? గురువారం సాయంత్రం అనేవాళ్లు మొదటి డోసు నుంచి లెక్కపెట్టినట్టు. లెక్క చివరి డోసు నుంచి. బుధవారం సాయంత్రం 6 నుంచి 72 గంటలంటే శనివారం సాయంత్రం 6. శనివారం పొద్దున పితికిన పాలు కూడా పనికిరావు. ఇంకో మెలిక ఉంది. ట్యూబు ఒక్క చన్నులోకే ఎక్కించారు కదా, మిగతా మూడు చన్నుల పాలు పోయొచ్చా? పోయకూడదు. మందు రక్తంలో కలిసి మిగతా వాటిలోకీ కొంత వస్తుంది. ఆ ఒక్క ఆవు పాలు బల్క్ కూలర్‌లో కలిస్తే నష్టం ఆ రైతుతో ఆగదు, తోడు సూక్ష్మజీవులు చచ్చి పెరుగు తోడుకోదు. సెంటర్‌లో పరీక్షకి దొరికితే రైతు పేరు ముందు, మందు పేరు తర్వాత, మీ పేరు ఆ తర్వాత బయటికొస్తాయి.

మూడోది వ్యాక్సిన్ డబ్బా. వ్యాక్సిన్ పాడవడం అనగానే అందరూ వేడి గురించే చెబుతారు. గాలికుంటు, గొంతువాపు టీకాలు గడ్డకట్టినా పాడవుతాయి. 2 నుంచి 8 డిగ్రీలు అంటే 2కి కింద కూడా పనికిరాదని. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకుని తిన్నగా డబ్బాలో పెట్టి, దానికి ఆనించి సీసాలు సర్దితే ఆనిన సీసాలు గడ్డకడతాయి. ప్యాకుని బయట పెట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి. అప్పుడు తుడిచి డబ్బాలో పెట్టాలి. ప్యాకుకీ సీసాకీ మధ్య అట్ట, థర్మామీటర్ సీసాల మధ్యలో. ఇది మీ చేత చేయించి, గంట తర్వాత మూత తీసి చూస్తాం.

పటిక కలిపిన టీకా గడ్డకట్టిందో లేదో తెలుసుకోవడానికి షేక్ టెస్ట్ ఉంది. గడువు తీరిన ఒకే బ్యాచ్ సీసాలు రెండు తీసుకుంటాం. ఒకదాన్ని కావాలనే గడ్డకట్టించి కరిగిస్తాం. రెండు సీసాల్నీ ఒకేసారి ఊపి బల్ల మీద పెడితే, అరగంటలో గడ్డకట్టిన సీసా అడుగున మడ్డి దిగుతుంది, పైన నీళ్లు తేరుకుంటాయి. రెండోది ఇంకా పాలలాగే ఉంటుంది. నూనె టీకాలకి ఈ పరీక్ష చెల్లదు. వాటిలో నూనె, నీళ్లు పొరలుగా విడిపోయాయేమో చూడాలి. షాపు ఫ్రిజ్‌లో తలుపు అరలో టీకాలు ఉంటే ఆర్డరు రాసేముందు అవి లోపలికి మార్పించండి, ఫ్రీజర్ పలకకి ఆనకుండా. అసలు ఆ షాపుకి వ్యాక్సిన్ అమ్మే ఫారం 21 లైసెన్సు ఉందా అని గోడ మీద చూడండి. మామూలు మందుల ఫారం 20 ఒక్కటే ఉంటే వ్యాక్సిన్ ఆర్డరు రాయొద్దు.

బ్రూసెల్లా ఎస్19 టీకా మాత్రం క్లాసులో చూపించం, బొమ్మలతోనే చెబుతాం. అది బతికున్న క్రిమి. 4 నుంచి 8 నెలల పెయ్య దూడలకే. సూది చేతికి గుచ్చుకుంటే మనిషికే జ్వరం అంటుకుంటుంది.

ఇప్పుడు మా తప్పొకటి. పాత బ్యాచ్‌లకి ఇచ్చిన నోట్సులో నొప్పి మందుల పేజీ ఉంది కదా, డైక్లోఫెనాక్‌కి బదులు వాడేవి అని ఒక పట్టిక. అందులో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్ ఉన్నాయి. ఆ పేజీ చింపి పారేయండి. మొదటి రెండిటినీ 2023 జులైలో, నిమెసులైడ్‌ని 2024 డిసెంబరులో పశువులకి వాడకుండా నిషేధించారు. నిషేధం వచ్చినప్పుడే మీకు చెప్పాల్సింది, చెప్పలేదు. డైక్లోఫెనాక్ వేసిన గొడ్డు చస్తే, ఆ కళేబరం తిన్న రాబందు కిడ్నీలు దెబ్బతిని చస్తుంది. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది కాబట్టి పేరు మారిందే తప్ప ఫలితం మారలేదు. మైసూరు రోడ్డులో 50 కిలోమీటర్లు వెళ్తే రామనగరలో రాబందుల కోసమే అభయారణ్యం ఉంది. ఇదేదో ఉత్తరాది గొడవ అనుకునేవాళ్లకి ఆ మాట చెప్పండి. రాబందులకి హాని చేయవని తేలిన మందులు మెలాక్సికామ్, టోల్ఫెనామిక్ యాసిడ్. కోళ్లకీ, పాడి పశువులకీ, చేపలకీ కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్ 2019 నుంచి నిషేధం. ఎక్కడన్నా షాపు అడుగు అరలో పాత స్టాకు కనబడితే స్కీము కట్టి వదిలించుకోవాలని చూడొద్దు, వెనక్కి పంపించండి.

అమ్మకాల క్లాసులు మూడు రోజుల నుంచి రెండుకి తగ్గించాం. డిటెయిలింగ్, అంటే డాక్టరు ముందు మందు గురించి అప్పజెప్పే చిలకపలుకులు, కంపెనీ ఎలాగూ నేర్పుతుంది. మేం నేర్పేది స్టాకు లెక్క. నెల మొదట స్టాకిస్ట్ దగ్గర 40, మీరు వేసింది 120, నెలాఖరుకి మిగిలింది 95 అనుకుంటే నిజంగా అమ్ముడైంది 65. నెలన్నర స్టాకు ఉంచాలన్నా 98 చాలు. టార్గెట్ ఉందని ఇంకో 120 రుద్దితే అది ఎక్స్‌పైరీ రిటర్న్‌గా మీ నెత్తికే చుట్టుకుంటుంది. కలెక్షన్లు, టూర్ ప్లాన్ ఎప్పటిలాగే.

జబ్బుల పేర్లకి ఒక పూట కేటాయించాం. హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు పోస్టింగులు వస్తాయి, అదే వారంలో కోలారు, చింతామణి కూడా తిరగాలి. మీరు మాస్టైటిస్ అంటే రైతు తల ఊపుతాడు, అర్థమై కాదు. పొదుగువాపు, కన్నడలో కెచ్చలు బావు. గాలికుంటు అక్కడ కాలుబాయి జ్వర, జబ్బవాపు చప్పె బేనె. రెండు భాషల్లోనూ పట్టిక ఇస్తాం, ఆ పట్టిక నోటికి రావాలి.

పరీక్ష తప్పితే రెండో అవకాశం ఉచితం, మూడోసారికి 1,000 రూపాయలు. మొదటి మూడు రోజుల్లో మానేస్తే ఫీజు మొత్తం తిరిగిస్తాం, తర్వాత ఇవ్వం. పాత సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి నెలలో రెండో ఆదివారం ఒక పూట క్లాసు, డబ్బులేం లేవు. నోట్సు తెచ్చుకోండి, ఆ పేజీ బదులు కొత్తది ఇస్తాం. డిస్ట్రిబ్యూటర్లు ఎవరినైనా తీసుకునేముందు ఫోన్ చేసి సర్టిఫికెట్ నంబరు చెప్పండి. అది హాజరుదో పరీక్షదో ఉన్నదున్నట్టు చెబుతాం.

షెడ్డుకి వెళ్లే రోజుల్లో పాలు పితికే వేళకి, అంటే పొద్దున ఐదున్నరకల్లా అక్కడుండాలి. గమ్ బూట్లు, టేపు, కాలిక్యులేటర్ మీవే తెచ్చుకోండి. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉందిగా అనొద్దు, పరీక్షలో ఫోన్లు బయట పెట్టిస్తాం.