ఆయిల్ మార్చడం వచ్చింది సరే, పాత ఆయిల్ ఎక్కడ ఇవ్వాలండీ?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన నెల మీ ఆదివారం పేజీల్లో బండికి చిన్నచిన్న పనులు మనమే ఎలా చేసుకోవచ్చో వేశారు. చైన్ బిగించడం, ప్లగ్ తుడుచుకోవడం, ఇంజిన్ ఆయిల్ మార్చడం, అన్నీ బాగానే చెప్పారు, అది చదివే నేను ధైర్యం చేశాను కాబట్టి ముందు మీకు థ్యాంక్స్. కానీ ఆయిల్ గురించి రాసినచోట చివర్లో పాత ఆయిల్ జాగ్రత్తగా పారెయ్యమని ఒక్క ముక్క రాసి వదిలేశారు చూశారూ, ఆ ముక్క పట్టుకుని నేను ఇరవై రోజులు తిరిగాను. ఎక్కడ పారెయ్యాలో మీరు రాయలేదు, ఇక్కడ నేను అడిగిన వాళ్ళెవరికీ తెలీదు కూడా.

మాది తెనాలి. నా దగ్గరున్నది 2009 మోడల్ స్ప్లెండర్, ట్యాంకు మీద ఇంకా హీరో హోండా అనే ఉంటుంది, ఆ రెండు కంపెనీలూ విడిపోకముందు మా నాన్న కొన్న బండి. ఇన్నేళ్ళూ ఆయిల్ మార్చడం అంటే బండి మెకానిక్ దగ్గర పెట్టేసి పక్కన టీ తాగి రావడమే. ఈసారి నేనే ఎందుకు చేద్దామనుకున్నానో చెప్పాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది. పోయినసారి మెకానిక్ అన్న ఊళ్ళో లేకపోతే ఒక సర్వీస్ సెంటర్లో మార్పించాను, నాలుగు రోజుల తర్వాత డిప్‌స్టిక్ (ఇంజిన్లో ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) తీసి చూస్తే ఆయిల్ అప్పుడే నల్లబడి ఉంది. ఇంకేముంది, పాతదే ఉంచేసి డబ్బులు గుంజారు అని ఫిక్సయిపోయా, ఇంట్లో చెప్పా, ఆఫీసులో చెప్పా, పెళ్ళిలో కలిసిన బావమరిదిక్కూడా చెప్పా. ఇక మన బండి మనమే చూసుకుందాం అని 17 నంబర్ పానా, ఒక గరాటు, 900 ఎంఎల్ ఆయిల్ డబ్బా కొనుక్కొచ్చుకున్నా.

డబ్బా కొనేటప్పుడు షాపతను ఒక మాట చెప్పాడు, అది మీ వ్యాసంలో లేదు, ఉంటే బాగుండేది. కారు ఆయిల్ ఇంట్లో మిగిలింది కదా అని బైకులో పొయ్యకూడదంట. కారులో గేర్ బాక్సుకి ఆయిల్ వేరే ఉంటుంది, మన బైకుల్లో ఇంజినుకీ గేర్లకీ క్లచ్ ప్లేట్లకీ కలిపి ఒకటే ఆయిల్, ఆ ప్లేట్లు ఆయిల్లోనే తడుస్తూ ఉంటాయి. కారు ఆయిల్లో రాపిడి తగ్గడానికి కలిపేవి ఈ ప్లేట్లని పట్టుకోనివ్వవు, రేజ్ చేస్తే ఇంజిన్ అరుస్తుందిగానీ బండి కదలదు. అందుకని డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని చిక్కదనం గ్రేడు ఉంటే సరిపోదు, బైకు క్లచ్‌కి పనికొస్తుందని చెప్పే గుర్తు జాసో ఎంఏ అని కూడా ఉందో లేదో చూసుకోమన్నాడు.

ఆదివారం పొద్దున్నే వరండాలో సెంటర్ స్టాండ్ వేసి రెండు మూడు నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచా, వేడెక్కితే ఆయిల్ పల్చబడి అడుగు మడ్డితో సహా దిగుతుందని. కిందకి నూనె టిన్ను ఒకటి అడ్డంగా కోసి పెట్టా. పక్కన గొంతుక్కూర్చుని పైనుంచి చెయ్యి దూర్చి ఇంజిన్ అడుగున ఆయిల్ దింపే నట్టు తిప్పుతున్నా, అది కదలట్లేదు, ఇంకాస్త బలం పెట్టా, కదలట్లేదు. మా ఆవిడ కాఫీ తెచ్చి కాసేపు చూసి, "విప్పుతున్నారా బిగిస్తున్నారా?" అంది. పైనుంచి చెయ్యి పెడితే కుడి ఎడమ తారుమారు అవుతాయని అప్పటిదాకా నా బుర్రకి తట్టలేదు. రెండో వైపు తిప్పేసరికి ఒక్కసారిగా వదులైపోయి, నట్టు వేళ్ళలోంచి జారి టిన్నులో పడింది, వేడి ఆయిల్ మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. కాలలేదుగానీ చురుక్కుమంది. గ్లౌజులు వేసుకోమని మీరు రాశారు, నేనే వినలేదు.

మొత్తానికి ఆయిల్ అంతా దిగాక ఒక చువ్వతో నట్టు పైకి తీసి, తుడిచి, బిగించేసి, కొత్త ఆయిల్ పోసి, డిప్‌స్టిక్ మరలో బిగించకుండా ఊరికే ఆనించి లెవెల్ చూసుకుని, బజార్లోకి ఒక రౌండ్ కొట్టి వచ్చా. ఆ రోజంతా నా హడావిడి చెప్పక్కర్లేదు. తెల్లారి లేచి చూస్తే టైల్స్ మీద రూపాయి బిళ్ళంత మరక. తుడిచా, సాయంత్రానికి మళ్ళీ మరక. గర్వం చంపుకుని మా వీధి చివర మెకానిక్ అన్నకి ఫోన్ చేస్తే, "వాచర్ వేశావా తమ్ముడూ?" అన్నాడు. "ఏ వాచర్ అన్నా?" అని అడిగా. ఆయన నవ్వలేదు, అదే ఆయనలో గొప్పతనం. టిన్నులో చెయ్యి పెట్టి దేవితే అడుగున మడ్డిలో దొరికింది సన్నటి అల్యూమినియం రింగు, నట్టుతో పాటే జారిపడింది, నేను చూసుకోలేదు. అప్పుడిక పోసిన కొత్త ఆయిల్ మళ్ళీ శుభ్రమైన గిన్నెలోకి దింపి (ఏ గిన్నె అనేది మా ఇంట్లో ఇప్పటికీ గొడవే), వాచర్ వేసి, మళ్ళీ పోశా. మెకానిక్ అన్న ఇంకోటి కూడా హెచ్చరించాడు, కారుతోంది కదా అని పానా మీద ఎక్కి కూర్చోకు, చాంబర్ (నట్టు ఎక్కే ఇంజిన్ అడుగు భాగం) అల్యూమినియం, నట్టు ఇనుము, బలం చూపిస్తే చాంబర్లో మర పోతుంది, అప్పుడు ఆయిల్ డబ్బుకి పదింతలు పెట్టాలి అని.

ఇంకో సంగతి, ఇది ఒప్పుకోకపోతే ఉత్తరం రాసే అర్హత లేదు నాకు. నా చేత్తో నేను పోసిన ఆయిల్, తేనె రంగులో ఉన్నది, నాలుగు రోజుల తర్వాత తీసి చూస్తే నల్లబడింది! ఎంత వంచినా మూలల్లో కొంచెం పాత ఆయిల్ ఉండిపోతుందంట, పైగా ఇంజిన్లో మసిని కడిగి తనలో కలిపి ఉంచుకోవడమే కొత్త ఆయిల్ చేసే పని, నల్లబడిందంటే పని చేస్తున్నట్టే. స్ప్లెండరుకి పల్సర్ లాగా విప్పి మార్చే కాగితం ఫిల్టర్ కూడా ఉండదు, లోపల ఒక జాలీ, ఒక తిరిగే ఫిల్టర్ ఉంటాయి, వాటికోసం కవర్ విప్పాలి, అక్కడిదాకా నేను వెళ్ళలేదు. అంటే ఆ సర్వీస్ సెంటర్ వాళ్ళు బహుశా నిజంగానే మార్చి ఉంటారు. బావమరిదికి ఫోన్ చేసి చెప్పాలి, ఇంకా చెయ్యలేదు.

సరే, అసలు విషయానికి వస్తా. టిన్నులో ముప్పావు లీటరు దాకా పాత ఆయిల్ మిగిలింది. నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే దాన్ని ఖాళీ కూల్ డ్రింక్ సీసాలో పోసి మూత పెట్టి బావి గట్టు మీద ఉంచా. మధ్యాహ్నం మా చెల్లెలి కొడుకు క్రికెట్ ఆడొచ్చి చెమటలు కక్కుతూ ఆ సీసా చేతిలోకి తీసుకున్నాడు. మూత తిప్పాడు కూడా. వాసన చూసి ఆగాడు కాబట్టి సరిపోయింది. దయచేసి ఈ ఒక్కటైనా మీ పేపర్లో వెయ్యండి: పాత ఆయిల్ తాగే సీసాల్లో పొయ్యొద్దు, కొత్త ఆయిల్ వచ్చిన డబ్బా పారెయ్యకుండా అందులోకే వంచి పైన పేరు రాసి పెట్టుకోండి.

తెల్లారి మున్సిపాలిటీ చెత్త బండి వస్తే డబ్బా పట్టుకెళ్ళా. తడి చెత్త అడిగారు, పొడి చెత్త అడిగారు, ఇది రెండూ కాదు కదా అంటే ఆ అమ్మాయి డబ్బా చూసి, "సార్ ఇది మేం తీసుకోం, కాలవలో పోసెయ్యండి" అంది. ఆ అమ్మాయిని అనడానికి లేదు, ఆమెకి చెప్పినవాళ్ళెవరు? పాత సామాన్ల బండి అతను ఖాళీ డబ్బా అయితే తీసుకుంటానన్నాడు, ఆయిల్ మీరే ఎక్కడైనా పారబోసుకుని రమ్మన్నాడు. పక్క సందులో ఇల్లు కడుతున్న మేస్త్రి మాత్రం వెంటనే చెయ్యి చాపాడు, స్లాబుకి సెంట్రింగ్ రేకులకి పాత ఆయిల్ పూస్తే కాంక్రీటు అంటుకోకుండా ఊడి వస్తుందని. ఇద్దామనే అనుకున్నా. కానీ ఆ ముందు రోజే వాన పడి, ఆ ఇంటి ముందు నీళ్ళ మీద రంగురంగుల తెట్టు కట్టి సైడు కాలవలోకి పోతుంటే కళ్ళారా చూశా, అక్కడ పూసినదంతా పోయేది అక్కడికే.

సైడు కాలవలోకి పోతే ఏమైంది అంటారేమో. మా ఊళ్ళోంచి మూడు కాలవలు పోతాయి, తూర్పు కాలవ, పడమర కాలవ, నిజాంపట్నం కాలవ, కృష్ణ నీళ్ళు పొలాలకి వెళ్ళేది వాటిమీదే. నూనె నీళ్ళలో కలవదు, పైన పొరలాగా పరుచుకుని కింద చేపకి గాలి అందనివ్వదు, ఇంజిన్ అరిగిన లోహాలూ మసీ దాంతోనే పోతాయి. మా తాతయ్య ఎడ్లబండి ఇరుసుకి ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన పూసేవాడు, అది నేల మీద కారినా నేలకి పోయేదేం లేదు. ఇది ఆ కందెన కాదు కదండీ.

చివరికి మళ్ళీ మెకానిక్ అన్న దగ్గరికే వెళ్ళా. ఆయన దగ్గర చేయించుకోకుండా ఇంట్లో చేసుకుని, పాత ఆయిల్ మాత్రం ఆయనకి ఇవ్వడానికి వెళ్ళడం ఎంత మొహమాటమో ఆలోచించండి. ఆయన డ్రమ్ము చూపించాడు, నిండాక ఒక వ్యాన్ వచ్చి కొనుక్కుపోతుందంట, అది శుద్ధి చేసే ఫ్యాక్టరీకి పోతుందా ఏ బట్టీలో మండిస్తారా అంటే ఆయనకి తెలీదు. "నీ ఒక్కడిదైతే పోస్కోమందును తమ్ముడూ, పేపర్లో పడి ఊరంతా తెస్తే నా డ్రమ్ము ఎక్కడ చాలుద్ది" అన్నాడు. న్యాయమే కదా.

మా మేనల్లుడు (సీసా మూత తిప్పినవాడు కాదు, వాళ్ళన్న) ఫోన్లో వెతికి చూపించాడు. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఇళ్ళలో వచ్చే ప్రమాదకర చెత్త తీసుకోడానికి ప్రతి 20 చదరపు కిలోమీటర్లకి ఒక కేంద్రం పెట్టమని మున్సిపాలిటీలకి రాశారు. పెయింటు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, ట్యూబ్‌లైట్లు, కాలం దాటిన మందులు అన్నీ అందులో ఉన్నాయి, ఆయిల్ పేరు పెట్టి రాయలేదు గానీ పెయింటు డబ్బా తీసుకునేచోట ఆయిల్ డబ్బా తీసుకోడానికి కష్టమేంటి? ఇంకోటి, ప్రమాదకర వ్యర్థాల నిబంధనలకి 2023 సెప్టెంబర్లో సవరణ చేసి, 2024 ఏప్రిల్ 1 నుంచి వాడిన ఆయిల్ తిరిగి శుద్ధికి చేరేలా చూసే బాధ్యత ఆయిల్ తయారుచేసే, దిగుమతి చేసే కంపెనీల మీద పెట్టారు. పాత ఆయిల్ అరిగిపోదు, మురికి పడుతుంది అంతే, శుద్ధి చేస్తే మళ్ళీ ఆయిలే అవుతుంది. అలాంటప్పుడు నాకు డబ్బా అమ్మిన షాపు ముందే ఒక క్యాన్ పెట్టి, కొత్తది కొన్నప్పుడు పాతది పొయ్యమనొచ్చు కదా. డబ్బా మీద గ్రేడు వేస్తారు, పాతది ఎక్కడ ఇవ్వాలో ఒక ఫోన్ నంబర్ వెయ్యరు.

కాబట్టి నేను అడిగేది రెండే. మా మున్సిపాలిటీ వాళ్ళు ఆ కేంద్రం ఉంటే ఎక్కడుందో, ఏ టైములో తీస్తారో చెత్త బండి మైకులో చెప్పించాలి, లేకపోతే పెట్టాలి, మా ఊరంత ఊరికి ఒకటో రెండో చాలు. మీరేమో ఈసారి బండి పనుల వ్యాసం వేస్తే ఆ అడ్రసు కనుక్కుని దాంతో పాటే వెయ్యండి.

ప్రస్తుతానికి మా డబ్బా మెట్ల కింద ఉంది, పైన మా ఆవిడ స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాలతో "పాత ఆయిల్, ముట్టుకోవద్దు" అని రాసి అంటించింది. వచ్చే నెలలో మా నాన్న స్కూటీకి కూడా మార్చాలి, రెండో డబ్బాకి చోటు చూస్తున్నాం.

ఇట్లు,
మీ పాఠకుడు,
తెనాలి