ట్రైలర్‌లో వెచ్చదనం కోసం గాలిని మూసివేయవద్దు

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరులో బడులకు సెలవులివ్వగానే, అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు కొన్ని హోటల్ గదులకు బదులు ట్రావెల్ ట్రైలర్ అద్దెకు తీసుకుని, పికప్ ట్రక్కు వెనుక తగిలించుకుని జాతీయ పార్కులకు బయలుదేరుతున్నాయి. పొయ్యి, పడకలు, స్నానాల గది ఒకేచోట అమరి ఉంటాయి, పచ్చళ్లూ పొడులూ వెంట తీసుకుపోయి పూటపూటా ఇంటి భోజనమే చేయవచ్చు కనుక, ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులకు కూడా ఇది సుఖమైన ప్రయాణమే. మంచు కురిసిన మర్నాడు గ్రాండ్ కాన్యన్‌ను చూడడం కన్నా గొప్ప సంగతి ఈ దేశంలో నాకు తెలియదు కాబట్టి, ఎవరినీ వెళ్లవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. అయితే చలి నుంచి కాపాడుకునే తొందరలో మనవాళ్లు ట్రైలర్‌లోకి గాలి వచ్చే దారులన్నీ మూసివేస్తున్నారు. అది ప్రాణాల మీదకు తెచ్చే పని. సెలవులు మొదలయ్యే లోపే మీ పాఠకులకు ఈ మాట చేరాలని రాస్తున్నాను.

మేము ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటాము. ఇక్కడ డిసెంబరు మధ్యాహ్నం ఇరవై డిగ్రీల వరకు ఎండ ఉంటుంది, పలుచని చొక్కాతోనే తిరుగుతాము. ఇక్కడికి నాలుగు గంటల దూరంలో ఉన్న గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు సముద్రమట్టానికి సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉంది. శీతాకాలపు రాత్రులలో అక్కడ ఉష్ణోగ్రత సున్నా కన్నా ఐదారు డిగ్రీలు దిగువకు పోవడం మామూలే, మంచు తుపాను వచ్చిందంటే ఇంకా దిగజారుతుంది. ఉత్తరపు అంచుకు వెళ్లే రోడ్డును శీతాకాలంలో మూసివేస్తారు గాని, దక్షిణపు అంచున ఉన్న ట్రైలర్ విలేజ్‌లో కరెంటు, నీరు, మురుగు కనెక్షన్లతో సాధారణంగా ఏడాది పొడవునా బస దొరుకుతుంది. ఎండలో బయలుదేరిన కుటుంబం చీకటి పడేసరికి గడ్డకట్టే చలిలో ఉంటుంది. తాము పడుకోబోయే ట్రైలర్ గోడ మందం సాధారణంగా ఒకటిన్నర, రెండు అంగుళాలకు మించదన్న సంగతి వారికి అప్పుడు గాని తెలిసిరాదు.

అక్కడి నుంచి మొదలవుతుంది అసలు ప్రమాదం. పైకప్పులోని వెంటిలేటర్‌లో దిండు కుక్కుతారు, కిటికీ సందులకు టేపు అంటిస్తారు, అప్పటికీ చలి తగ్గకపోతే వంట పొయ్యి రెండు బర్నర్లూ వెలిగించి గది వెచ్చబడే వరకు వదిలేస్తారు. ఇంట్లో గ్యాసు పొయ్యి దగ్గర పుట్టి పెరిగిన మనకు ఇందులో తప్పేమిటో తోచదు. కాని ఆ పొయ్యికి పొగ బయటికి పోయే గొట్టం లేదు, అది మండడానికి కావలసిన ఆక్సిజన్ మనం పీల్చే గాలిలో నుంచే తీసుకుంటుంది, అది చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. రంగు, వాసన లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం దీని మొదటి లక్షణాలు. ఎత్తైన ప్రదేశానికి కొత్తగా వచ్చిన పెద్దవారికి ఇవే బాధలు ఎత్తు వలన, ప్రయాణపు బడలిక వలన కూడా రావచ్చు కనుక, ఒక మాత్ర వేసి పడుకోబెట్టే అవకాశం చాలా ఎక్కువ. లోపల ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల నొప్పిగా ఉండి, బయటికి రాగానే కాస్త తేరుకుంటే, అది ఎత్తు చేసిన పని కాదని గట్టిగా అనుమానించి అందరినీ బయటికి తెచ్చి అమెరికా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలి. బయటికి వచ్చాక తేరుకోకపోయినా సరే, ఆలోచిస్తూ కూర్చోకుండా అదే చేయాలి.

గాలి మూసినందువలన వచ్చే రెండో నష్టం తడి. ట్రైలర్ పొయ్యిలో వాడే ప్రొపేన్ గ్యాసు ఒక కిలో మండితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అన్నం గంజి, పప్పు కుక్కర్ ఆవిరి, నలుగురైదుగురి ఊపిరి దీనికి తోడవుతాయి. ఆ ఎత్తున నీరు దాదాపు 93 డిగ్రీలకే మరుగుతుంది కనుక కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకదు, పొయ్యి ఎక్కువసేపు వెలగక తప్పదు. ఈ ఆవిరి అంతా చల్లని గోడకు తగిలి నీరవుతుంది. ఉదయం లేచి మూలనున్న పడక మీది పరుపు ఎత్తి చూడండి, కింది ప్లైవుడ్ చెమ్మగిల్లి, పరుపు అడుగున అరచేయి పెడితే తడి అంటుకుంటుంది. కిటికీ అల్యూమినియం ఫ్రేమ్ మీద రాత్రి నిలిచిన నీటి బొట్లు గడ్డకట్టి ఉంటాయి. ఆస్తమా ఉన్న పెద్దలు పడుకునే చోటు ఇలా ఉండకూడదు. పైకప్పు వెంటిలేటర్‌ను రెండు వేళ్ల సందు తెరిచి, ఎదురుగా ఒక కిటికీని కొద్దిగా జరిపి ఉంచితే వెచ్చదనం కొంత పోతుంది, నిజమే. పోయిన వేడిని హీటర్ మళ్లీ ఇస్తుంది.

ఆ హీటర్ అంటే ట్రైలర్‌లో ముందే బిగించి ఉన్న ఫర్నేస్. దాని మంట వేరే అరలో మండుతుంది, పొగ గోడలోని రంధ్రం ద్వారా బయటికే పోతుంది. లోపలికి వచ్చేది వేడి గాలి మాత్రమే. అందుకే పొయ్యికి, దానికి పోలిక లేదు. బయటి రంధ్రాన్ని మంచు కప్పివేయకుండా పడుకునే ముందు ఒకసారి చూసుకోవాలి. గంటకు ముప్పై వేల బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) ఫర్నేస్ ఆపకుండా నడిస్తే ఇరవై పౌండ్ల సిలిండర్ పద్నాలుగు గంటలకు మించి రాదు కనుక, సగం ఖాళీ అయిన సిలిండర్‌తో రాత్రిని మొదలుపెట్టకూడదు. కరెంటు కనెక్షన్ లేని చోట ఆగేవారు మరొకటి గుర్తుంచుకోవాలి: ఫర్నేస్ ఫ్యాన్ బ్యాటరీ మీదే తిరుగుతుంది, చలికి బ్యాటరీ శక్తి ఎంతో తగ్గిపోతుంది. గ్యాసు నిండుగా ఉన్నా తెల్లవారుజామున ఫ్యాన్ ఆగి హీటర్ చల్లబడుతుంది. అప్పుడే చాలామంది పొయ్యి వైపు చేయి చాపుతారు.

నీటి గొట్టాల సంగతి ఇంత భయపడవలసినది కాదు, ఖర్చుతో కూడినది అంతే. నీరు గడ్డకట్టేటప్పుడు తొమ్మిది శాతం వ్యాకోచిస్తుంది కాబట్టి గొట్టం, పంపు, నీళ్లు కాచే హీటర్ ట్యాంకు ఏదైనా పగలవచ్చు. బయటి హోస్ పైపును రాత్రి తగిలించి ఉంచకుండా, పగలే ట్యాంకు నింపుకుని హోస్ తీసివేస్తే సగం బాధ తప్పుతుంది. ట్రైలర్‌ను తిరిగి ఇచ్చే ముందు, గొట్టాలు గడ్డకట్టి పగలకుండా వాటిలో పోసే యాంటీఫ్రీజ్ ద్రవం గులాబీ రంగుది, ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసినది మాత్రమే కావాలి. కార్లలో వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం, అది తాగునీటి గొట్టాలలోకి పోకూడదు.

ఇక ఈ ఉత్తరం రాయడానికి నన్ను కదిలించిన సంగతి. క్రిందటి శీతాకాలం మా బంధువులు అద్దెకు తీసుకున్న ట్రైలర్‌ను చూడడానికి వెళ్లినప్పుడు, పొయ్యి కింద నేలకు దగ్గరగా కార్బన్ మోనాక్సైడ్, గ్యాసు లీకు రెండింటినీ పసిగట్టే అలారం ఉండవలసిన చోట ఖాళీ చతురస్రం కనిపించింది, అందులో నుంచి రెండు వైర్లు బయటికి వచ్చి ఉన్నాయి, వాటి కొసలకు నల్లటేపు చుట్టి ఉంది. అది రాత్రిళ్లు ఊరికే కీచుమంటోందని ఎవరో ఫిర్యాదు చేస్తే తీసివేశామని అద్దెకిచ్చిన వారు తేలికగా చెప్పారు. బ్యాటరీ బలహీనపడినా, అలారం కాలపరిమితి తీరినా అది కీచుమని చెబుతుంది. చలికాలంలో బ్యాటరీ బలహీనపడటం మామూలే. అంటే అలారం అత్యంత అవసరమైన రాత్రులలోనే దానిని పీకివేయాలని అనిపిస్తుంది. ఆ రాత్రి అందులో ఇద్దరు పిల్లలు, డెబ్బై దాటిన అత్తయ్య పడుకోవలసి ఉంది. బయలుదేరే ముందు మా బంధువులు దుకాణంలో కొత్త అలారం కొని పెట్టుకున్నారు. కాని ప్రతి కుటుంబంలోనూ అలా వంగి చూసేవారు ఉండరు కదా.

కాబట్టి అద్దెకు తీసుకునే పాఠకులకు నా విన్నపం: తాళం చెవి తీసుకునే ముందే అలారం మీద టెస్ట్ మీట నొక్కి వినండి, దాని వెనుక అచ్చు వేసిన తేదీ చూడండి, అలారం లేకపోయినా, దాని గడువు తీరిపోయినా అక్కడే కొత్తది పెట్టించండి. అద్దెకిచ్చే మన తెలుగువారు ఇప్పుడు ఇక్కడ కొందరు ఉన్నారు. వారు పొయ్యి పక్కన "ఇది వంటకే, వెచ్చదనానికి కాదు" అని తెలుగులో ఒక కాగితం అంటిస్తే, ఇంగ్లీషు హెచ్చరిక చదవని అమ్మానాన్నలకు అది అందుతుంది. లంబసింగికి, అరకుకు చలి చూడడానికి వెళ్లి గుడారంలో నిప్పుల కుంపటి పెట్టుకుని జిప్ బిగించుకునేవారికి కూడా ఈ హెచ్చరికే వర్తిస్తుంది. బొగ్గు మండినా పుట్టేది అదే వాయువు. మీ పత్రిక ప్రవాసుల పేజీలోనూ, విశాఖ, అల్లూరి జిల్లా ఎడిషన్లలోనూ నవంబరు ఆఖరులోపు దీని మీద ఒక చిన్న వివరణ వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, చాండ్లర్, అరిజోనా