బరంపురం నగరాధికారికి బహిరంగ లేఖ: శుద్ధి చేసిన మురుగునీటిని వడపోసి వాడుకుందాం

అయ్యా, నమస్కారములు.

వేసవిలో ఋషికుల్య నది సన్నబడినప్పుడు తోటలకూ, కట్టడాలకూ తాగునీటినే పోయడం కంటే, శుద్ధి చేసిన మురుగునీటిని మరోమారు వడపోసి ఇవ్వడం మేలని మా విన్నపం. ఆ నీటిలో మిగిలే సన్నని మడ్డి రేణువుల చాటున సూక్ష్మజీవులు దాగి, క్లోరిన్‌కూ అతినీలలోహిత కిరణాలకూ అందకుండా పోతాయి కనుక, ఇసుక వడపోత ముందు, క్రిమిసంహారం తరువాత జరగాలి. జనం తాకే చోట వాడే నీటి సగటు మసక 2 ఎన్‌టీయూ (నీటి మసకను కొలిచే ప్రమాణం) మించరాదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఇసుక పొరలను ఎదురు నీటితో కడగకపోతే అవి పూడిపోతాయి. నిర్వహణ ఖర్చులో ముందుగా కోతపడేది ఇదేనేమోనని మా అనుమానం. ఇసుక వడపోతకు కరిగిన లవణాలు పోవు గనుక ఈ నీరు పారే గొట్టాలను తాగునీటి గొట్టాలతో ఎక్కడా కలపరాదు.

రోజువారీ పరీక్షా ఫలితాలను ఒడియాతో పాటు తెలుగులోనూ వార్డు కార్యాలయాల్లో అంటించవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
బరంపురం తెలుగు పౌరులు